పెట్టె తన పేరు చెప్పిందా?

ఈ పూట మాట్లాడుకోబోయేది అరచేతిలో ఇమిడే ఒక చిన్న పెట్టె గురించి. కంప్యూటర్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య కూర్చుని పాటకు బలమిచ్చే యాంప్లిఫయర్ అది. వాడుకలో యాంప్ అంటారు. దాని మీద వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకే మాటలో ఉంటుంది: తగిలించాను, డిటెక్ట్ కావడం లేదు. కంప్యూటర్ గుర్తుపట్టడం లేదు. ఈ మాట వినగానే వైద్యం మొదలవుతుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వెయ్యమని ఒకరు, విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించమని ఇంకొకరు, పెట్టె పోయింది కొత్తది కొనమని మరొకరు. నా వాదన ఒక్కటే. గుర్తుపట్టడం లేదు అన్నది రోగం పేరు కాదు, కడుపులో బాగాలేదు అనడం లాంటి మాట. గుర్తుపట్టడం కూడా ఒక్క పని కాదు, ఒకదాని వెనక ఒకటి జరిగే నాలుగైదు పనులు. వాటిలో ఏది ఆగిందో బయటినుంచి లోపలికి వెతకాలి. మనం చేసేది తలకిందులు. లోపలినుంచి మొదలుపెడతాం, గడప దాకా రాకముందే ఓపిక అయిపోతుంది.

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువాళ్లతో ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. విజయనగరం, నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి కదిలివచ్చి ఇక్కడే వేళ్లూనిన కుటుంబాలు ఇవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో. 2011 జనగణనలో తమిళనాడు మొత్తం మీద తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 42 లక్షలు. నోట తెలుగు ఉండి చేతికి తెలుగు అక్షరం రాని ఇళ్లు వీటిలో కోకొల్లలు. భాష ఇక్కడ కాగితం మీద కన్నా చెవిలోనే ఎక్కువగా బతికింది. 1623 నుంచి 1659 వరకు మదురైని ఏలిన తిరుమల నాయకుడి ఎదుట రెండువేల పదాలు పాడానని క్షేత్రయ్య తన పదంలోనే చెప్పుకున్నాడు. ఆ పదాలైనా, తర్వాత వచ్చిన త్యాగరాజ కృతులైనా ఈ నేల మీద తెలుగు చదవని ఎన్నో నోళ్ల మీదుగా నిలిచాయి. అలాంటి ఇంట్లో పాత క్యాసెట్‌లోని అవ్వ పెళ్లిపాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి వినేవాళ్లకు మాట చివరి అక్షరం స్పష్టంగా వినపడటం షోకు కాదు. ఇంకెక్కడా రాసిలేని పాఠం అది. యాంప్ కొనేవాళ్లందరూ ఇందుకే కొంటారని నేననను. ఆటలకీ ఆఫీసు మీటింగులకీ కొనేవాళ్లూ ఉన్నారు. ఎవరు కొన్నా పెట్టె మూగబోయినప్పుడు వెతికే దారి మాత్రం ఒకటే.

ముందుగా తేల్చుకోవలసింది, ఆ పెట్టెకు కంప్యూటర్‌తో మాట్లాడే నోరు అసలు ఉందా అని. యాంప్ పేరుతో అమ్మేవి రెండు జాతులు. ఒక జాతిలో యూఎస్‌బీ తీగ గుండా అంకెలుగా వచ్చిన పాటను విద్యుత్ అలగా మార్చే చిప్పు ఉంటుంది. దాన్ని డాక్ అంటారు. మార్చిన అలను పెంచే యాంప్ కూడా అదే పెట్టెలో ఉంటుంది. రెండో జాతిలో ఉన్నది యాంప్ ఒక్కటే. అది గుండ్రటి పిన్ను ఉన్న 3.5 మిల్లీమీటర్ల తీగతో, కంప్యూటర్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి, అప్పటికే అలగా మారిన పాటను తీసుకుని పెంచుతుంది. ఈ రెండో జాతి పెట్టెకు కూడా ఒక యూఎస్‌బీ రంధ్రం ఉండవచ్చు, అయితే అది లోపలి బ్యాటరీకి ఛార్జి ఎక్కించడానికే. అలాంటి పెట్టెను యూఎస్‌బీతో తగిలించి, కంప్యూటర్ గుర్తుపట్టడం లేదని రోజంతా డ్రైవర్ల కోసం వెతికినా దొరకదు. ఎందుకంటే గుర్తుపట్టవలసింది ఏమీ లేదు. నీళ్ల మోటారును ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా? కరెంటు ఇస్తే తిరుగుతుంది, అంతే. కాబట్టి అట్టపెట్టె మీద డాక్ అన్న మాటో, యూఎస్‌బీ ఆడియో అన్న మాటో ఉందో లేదో చూడటం మొదటి పని. లేకపోతే గుండ్రటి పిన్ను తీగ వెయ్యండి, అంతటితో ఈ ప్రసంగం మీకు అక్కర్లేదు.

నోరున్న పెట్టె అయితే, తగిలించిన క్షణంలో ఏం జరుగుతుందో తెలియాలి. 1996లో వచ్చిన యూఎస్‌బీ పద్ధతిలో, 2.0 రకం దాకా, కేబుల్ లోపల పనిచేసే తీగలు నాలుగు. రెండు కరెంటువి, 5 వోల్టులు మోసేవి. రెండు మాటవి, సమాచారం మోసేవి. పెట్టెకు కరెంటు అందగానే అది తన మాటతీగల్లో ఒకదాన్ని 1,500 ఓముల రెసిస్టర్ గుండా పైకి లాగుతుంది. తలుపు తట్టడం అన్నమాట. అప్పుడు కంప్యూటర్ నువ్వెవరని అడుగుతుంది. పెట్టె తన తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య చెబుతుంది. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక ఇంటినంబరు కేటాయిస్తుంది. ఆ తర్వాత పెట్టె తాను శబ్ద పరికరాన్నని, ఇన్ని రకాల పాట తీసుకోగలనని, ఇంత కరెంటు కావాలని జాబితా చదువుతుంది. ఈ తంతుకు సాంకేతిక నిపుణులు పెట్టిన పేరు ఎన్యూమరేషన్. జనగణనకు వాడే మాటే అది. పోలిక పేరుతో ఆగదు. గణకుడు గుమ్మంలో నిలబడి అడుగుతాడు, ఇంటివాళ్లు చెప్పింది రాసుకుంటాడు. లోపలికి వెళ్లి ఏ భాషలో పోట్లాడుకుంటున్నారో వినడు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుతూ బయట తమిళమని చెబితే లెక్కలో తమిళమే. కంప్యూటర్ కూడా అంతే. తనకు వినపడిన సమాధానమే దానికి సత్యం. సమాధానం దారిలో తెగిపోతే ఆ పెట్టె దానికి ఎవరో తెలియని పరికరం, లేదా అసలు లేనే లేదు.

దారి అంటే కేబుల్. నా లెక్కలో అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది దాన్నే. ఫోన్ ఛార్జింగ్ కోసం అమ్మే చవక కేబుళ్లలో కొన్నిటికి మాటతీగలు రెండూ ఉండవు, కరెంటుతీగలు మాత్రమే ఉంటాయి. పైకి చూస్తే తేడా తెలియదు. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: పెట్టె మీద లైటు వెలుగుతోంది కదా, మరి కేబుల్ బాగున్నట్టే కదా? కాదు. లైటు చెప్పేది కరెంటుతీగల సంగతి. మాటతీగల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. కోయంబత్తూరు వాళ్లకు ఇది వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. కలంగల్ ఊళ్లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరంతో కలిసి 1937లో దేశవాళీ ఎలక్ట్రిక్ మోటారు చేసి చూపించిన ఊరు ఇది. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చెయ్యగలనని ఆయన 1941లో ప్రకటించాడు కూడా. ఆ ఊరి మెకానిక్‌ని పిలిచి పంపు తిరగడం లేదని చెప్పండి. రాగానే వైండింగు విప్పడు. టెస్ట్ ల్యాంపు పట్టుకుని స్టార్టర్ దాకా మూడు ఫేజులూ వచ్చాయా అని చూస్తాడు. ఒక ఫేజు పోయి రెండే మిగిలితే ఆగి ఉన్న మోటారు గుర్రుమంటుంది గానీ కదలదు. గుర్రుమంటోంది కాబట్టి కరెంటు బాగానే ఉందని ఏ మెకానికూ అనడు. యాంప్ మీద లైటు వెలగడం ఆ గుర్రుమనడం లాంటిదే.

మాటతీగలున్న కేబుల్ అని నిర్ధారించుకోవడం తేలిక. ఆ కేబుల్‌తోనే ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి ఫోటోలు పంపి చూడండి. ఫోటోలు వెళ్తే మాటతీగలు ఉన్నట్టు. వెళ్లకపోతే, ఫోటోలు పంపగల వేరే కేబుల్‌తో యాంప్‌ని తగిలించండి. టైప్ సి రంధ్రాలు వచ్చాక ఇంకో చిక్కు చేరింది. రెండు చివర్లా టైప్ సి ఉన్న కేబుల్ వేసినప్పుడు, పెట్టె లోపల 5,100 ఓముల రెసిస్టర్లు రెండు ఉంటే తప్ప కంప్యూటర్ కరెంటు కూడా వదలదు. పైసలు మిగుల్చుకోవడానికి వాటిని మానేసిన తయారీదారులున్నారు. అలాంటి పెట్టె ఒక చివర పాత పలక రకం మూతి ఉన్న కేబుల్‌తో హాయిగా పనిచేస్తుంది, రెండు చివర్లా సి ఉన్న ఖరీదైన కేబుల్‌తో చచ్చినట్టు పడి ఉంటుంది. ఖరీదైన కేబుల్ మంచిదన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా ఎదురు తిరుగుతుంది. కేబుల్ తర్వాత పోర్టు. హబ్ వాడుతుంటే తీసేసి నేరుగా తగిలించండి. కరెంటు విడిగా లేని హబ్‌లో కీబోర్డు, హార్డ్ డిస్కు, యాంప్ మూడూ ఒకే 500 మిల్లీయాంపియర్లను పంచుకోవలసి వస్తే ఆకలితో ఉండేది ఎవరో ఊహించవచ్చు. పెద్ద కంప్యూటర్ అయితే ముందు వైపు కాక వెనక వైపు, మదర్‌బోర్డుకే అతికి ఉన్న పోర్టులో పెట్టండి.

ఫోన్‌కి తగిలిస్తే పాడుతోంది, కంప్యూటర్‌కే రావడం లేదు, కాబట్టి తప్పు విండోస్‌దే అని ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. సగం నిజం. ఫోన్‌తో పాడితే పెట్టె బతికి ఉందని రుజువైంది. కానీ ఫోన్‌కి వాడిన కేబుల్ వేరు, కంప్యూటర్‌కి వాడిన కేబుల్ వేరు అయితే రుజువు అక్కడితో ఆగిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఫలితం వచ్చినా కారణం చేతికి దొరకదు. వంటలో ఉప్పూ పులుపూ ఒకేసారి వేసి, రుచి దేనివల్ల మారిందని అడిగినట్టుంటుంది.

తలుపు దాటి లోపలికి వచ్చాకనే డ్రైవర్ ప్రశ్న. విండోస్‌లో డివైస్ మేనేజర్ అని ఒక పట్టిక ఉంది. తగిలించినప్పుడు ఆ పట్టికలో ఏం మారిందో చూడండి. ఏమీ మారకపోతే తలుపు తట్టిన చప్పుడే వినపడలేదు. అది మళ్లీ కేబుల్, పోర్టు, పెట్టె సంగతే గానీ డ్రైవర్ సంగతి కాదు. తెలియని పరికరం అని వచ్చి 43 అన్న అంకె కనిపిస్తే, తట్టడం వినపడింది గానీ పేరు సరిగ్గా వినపడలేదు. అప్పుడు కూడా అనుమానం ఎక్కువగా తీగ మీదే. 28 అని వస్తే పేరు వినపడింది, దానితో మాట్లాడే దుబాసీ లేడు. డ్రైవర్ లేదని దాని అర్థం. ఈ మూడింటిలో డ్రైవర్ వెయ్యడం మందుగా పనిచేసేది ఒక్కదానికి మాత్రమే. ఈ దుబాసీ చిక్కుకు ఒక చరిత్ర ఉంది. యూఎస్‌బీ శబ్ద పరికరాలకు 1998లో ఒక ఉమ్మడి భాష వచ్చింది, 2006లో దానికి రెండో రూపం వచ్చింది. ఎక్కువ నాణ్యత పాటలకు ఆ రెండోది కావాలి. మాక్, లినక్స్ దాన్ని ముందే నేర్చుకున్నాయి. విండోస్ మాత్రం 2017లో, విండోస్ 10కి వచ్చిన 1703 కూర్పుతో గానీ దాన్ని సొంతంగా నేర్చుకోలేదు. అందుచేత విండోస్ 7 మీదే నడుస్తున్న పాత కంప్యూటర్‌కి, ఈ రెండో రూపంలో మాట్లాడే కొత్త యాంప్ తగిలిస్తే, తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వెయ్యనిదే అది పలకదు. కొన్ని పెట్టెలకు పాత భాషలోకి మారే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే నాణ్యత పరిమితి 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జ్‌కి దిగుతుంది. క్యాసెట్‌లోంచి ఎక్కించిన పాటకు అదే ఎక్కువ.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటెయ్యడం న్యాయం కాదు. తప్పు నిజంగానే విండోస్‌లో ఉన్న సందర్భాలు లేవా? ఉన్నాయి. 2025 జనవరి 14న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా అప్‌డేట్ తర్వాత, పాత 1.0 ఆడియో డ్రైవర్‌తో నడిచే డాక్‌లు చాలాచోట్ల ఆగిపోయాయి. పట్టికలో 10 అన్న అంకె వచ్చింది, అంటే పరికరం మొదలు కాలేకపోతోందని. తప్పు తమదేనని ఆ సంస్థ ఒప్పుకుని, అదే నెలాఖరు నుంచి సవరణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రెండు వారాల్లో ఎంతమంది మంచి కేబుళ్లను తిట్టుకున్నారో! అయినా ఈ ఉదాహరణ నా వాదనను కూలదొయ్యదు. అప్పుడు కూడా, అదే పెట్టెను అదే కేబుల్‌తో ఆ అప్‌డేట్ ఎక్కని మరో కంప్యూటర్‌కి తగిలించినవాళ్లకు అయిదు నిమిషాల్లో సంగతి తెలిసిపోయింది. విండోస్ తుడిచి మళ్లీ ఎక్కించినవాళ్లకు మాత్రం కొత్త విండోస్‌తో పాటు ఆ అప్‌డేట్ కూడా మళ్లీ వచ్చి కూర్చుంది. తప్పు లోపల ఉన్నా దారి బయటినుంచే.

కొన్నిసార్లు కంప్యూటర్ గుర్తుపట్టింది, మనమే గుర్తించలేదు. పట్టికలో యాంప్ పేరు నిక్షేపంగా ఉంటుంది, శబ్దం మాత్రం రాదు. పాట వేరే దారిన వెళ్తోందని దాని అర్థం. తెరకు వేసిన హెచ్‌డీఎంఐ తీగ గుండా, స్పీకర్లే లేని మానిటర్‌లోకి పాట పోతున్న సందర్భాలు తక్కువేమీ కాదు. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌గా యాంప్‌ని ఎంచుకోవాలి. జూమ్ లాంటి మీటింగ్ యాప్‌లకు సొంత ఎంపిక విడిగా ఉంటుంది, అక్కడా చూడాలి. ఒక యాప్ పెట్టెను తన ఒక్కదానికే రాసిపెట్టుకునే ఎక్స్‌క్లూజివ్ మోడ్ కూడా ఉంది, అప్పుడు మిగతావన్నీ మూగవే. కాసేపు పాడి మాయమయ్యే పెట్టె సంగతి వేరు. అది కరెంటు ఆదా కోసం కంప్యూటరే పోర్టును నిద్రపుచ్చడం కావచ్చు. అన్నట్టు, ఆపి మళ్లీ వేశానంటే చాలదు. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కినా ఫాస్ట్ స్టార్టప్ వల్ల లోపలి స్థితి కొంత అలాగే దాచి ఉంటుంది. రీస్టార్ట్ నొక్కితేనే పూర్తిగా కడుక్కుని లేస్తుంది.

ఇంత వెతుకులాట ఎందుకు, కొత్తది కొంటే పోలేదా అనేవాళ్లుంటారు. కేబుల్ తప్పయితే కొత్త పెట్టె కూడా అదే కేబుల్‌తో మూగబోతుంది. అసలు యాంప్ ఎందుకు అనేవాళ్లూ ఉంటారు. ఈ రెండో మాటలో పస ఉంది. మామూలు 32 ఓముల హెడ్‌ఫోన్‌కి కంప్యూటర్ సొంత రంధ్రమే చాలావరకు సరిపోతుంది. 250, 300 ఓముల స్టూడియో రకాలకే యాంప్ లోటు తెలుస్తుంది. కానీ అది కొనకముందు అడగవలసిన ప్రశ్న. కొన్నాక, పలకని పెట్టెను అక్కర్లేని పెట్టె అనడం దాన్ని బాగుచెయ్యడం కాదు.

ఎంత వెతికినా రిపేరు అంగడికి వెళ్లక తప్పని రోజు వస్తుంది. అక్కడ ఇంకో చిక్కు. ఇంట్లో తెలుగులో పుట్టిన ఫిర్యాదు మదురై టౌన్‌హాల్ రోడ్డు దాకా వెళ్లేసరికి తమిళమవుతుంది, తెర మీద ఉన్నది ఇంగ్లీషు. డిటెక్ట్ కాలేదు, వర్క్ ఆగలై, నాట్ రికగ్నైజ్డ్ అని మూడు భాషలు దాటేసరికి మిగిలేది కడుపులో బాగాలేదన్న మాటే. భాష మారినా మారనిది అంకె. పట్టికలో వచ్చింది 43 అయినా, 28 అయినా, 10 అయినా ఒక చీటీ మీద రాయండి. ఏమీ రాకపోతే ఏమీ రాలేదని రాయండి. దాని కింద మీరు మార్చి చూసినవి రాయండి, కేబుల్, పోర్టు, కంప్యూటర్, ఏది మారిస్తే ఏమైందో. ఆ చీటీతో పాటు పెట్టెనూ, మరిచిపోకుండా దాని కేబుల్‌నూ తీసుకెళ్లండి. కేబుల్ ఇంట్లో వదిలేసి పెట్టె ఒక్కటే తీసుకెళ్తే అంగట్లో వాళ్ల కేబుల్‌తో అది చక్కగా పాడుతుంది, ఇంటికి రాగానే మళ్లీ నోరు మూసుకుంటుంది.